మోటారుకారు అద్దము మార్చిన పిదప మిగులు గాజుపెంకులు

ఇంటిలో గాజుగ్లాసు క్రిందపడి పగిలినచో తల్లి మొదట పిల్లలను కదలవద్దని కేకవేయును. పిదప చీపురును చేటను తెచ్చి పెంకులను ఊడ్చును. తడిగుడ్డతో నేల నద్దును. దీపము చేతబట్టి మంచము క్రిందను, గడపప్రక్కను మరల చూచును. ఈ జాగ్రత్త మన ఇండ్లలో ఎవరును నేర్పకయే వచ్చుచున్నది. కాని మోటారుకారు తలుపు అద్దము పగిలినపుడు ఈ జాగ్రత్త మనకు తోచుట లేదు. షెడ్డువారు క్రొత్త అద్దమును బిగించి, సీటును గుడ్డతో ఒకసారి దులిపి, బండిని అప్పగించినంతనే పని ముగిసినదని తలంచుచున్నాము. నిజమునకు సగము పని మాత్రమే ముగిసినది. పగిలిన పాత అద్దము ఎక్కడికిని పోలేదు; అది వేలకొలది తునకలై కొంత బండిలోను, కొంత షెడ్డు నేలమీదను, కొంత చెత్తబుట్టలోను ఉన్నది. ఆ తునకలు తుదకు ఎవరి కాలిలో, ఎవరి చేతిలో దిగునో విచారించుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము. విద్యార్థులు దీనిని చదివి తమ తలిదండ్రులకు కూడ వినిపింతురుగాక.

1. గాజుయొక్క స్వభావము

గాజు ముఖ్యముగా మూడు పదార్థములతో చేయబడును. అవి ఇసుక, సోడా, సున్నపురాయి. వీనిని కొలిమిలో మిక్కిలి వేడిమికి కరగించి చల్లార్చిన గాజగును. కిటికీ అద్దములందును సీసాలందును నూటికి డెబ్బదిపాళ్లకు పైగా ఇసుకలోని సిలికాయే యుండును. గాజు మన్నులో కుళ్లదు, త్రుప్పుపట్టదు, నీటిలో కరగదు. మన తాతలనాడు పెరటిలో పాతిన సీసాపెంకు నేటికిని అంతే పదునుగా నుండును. ఈ గుణమే గాజునకు గౌరవమును తెచ్చినది. ఈ గుణమే దాని పెంకును చిరకాలశత్రువుగా చేసినది.

మామూలు గాజు పగిలినపుడు కత్తులవంటి పొడవైన ముక్కలగును. మోటారుకార్లు క్రొత్తగా వచ్చిన దినములలో ఇట్టి గాజునే వాడుటచే, ప్రమాదములందు అద్దపుముక్కలవలన గాయములు కలుగుచుండెను. కావున బండ్లలో రెండు విధములైన భద్రతాగాజులను వాడసాగిరి.

2. రెండు జాతుల అద్దములు

మొదటిది అతుకుగాజు. రెండు పలుచని గాజుపలకలనడుమ పారదర్శకమైన ప్లాస్టిక్కు పొర నుంచి అతికింతురు. ఫ్రాన్సుదేశపు రసాయనశాస్త్రజ్ఞుడైన ఎడ్వర్డు బెనెడిక్టసు 1903వ సంవత్సరమున తన ప్రయోగశాలలో క్రిందపడిన ఒక గాజుకుప్పె బీటలువారియు ముక్కలు చెదరకుండుట చూచి, లోపల ఎండిన సెల్యులోజు పొరయే దానికి కారణమని గ్రహించెనని చెప్పుదురు. ఆయన 1909లో అతుకుగాజునకు పేటెంటు పొందెను. కారు ముందు అద్దము ఈ జాతికి చెందినది. రాయి తగిలినచో సాలెగూడువలె బీటలు వారునుగాని రాలిపడదు.

రెండవది గట్టిపరచిన గాజు. దీనినే వ్యాపారులు టెంపర్డ్ గ్లాసు అందురు. తలుపుల అద్దములును, వెనుక అద్దమును సాధారణముగా ఈ జాతివి. అద్దమును ముందుగానే కావలసిన ఆకారమునకు కోసి, సుమారు 620 మొదలు 650 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసి, ఇరుప్రక్కలనుండి చల్లని గాలిని వేగముగా ఊదుదురు. పైభాగము వెంటనే గట్టిపడును. లోపలిభాగము ఇంకను వేడిగానే యుండును. పిమ్మట లోపలిభాగము చల్లారుచు కుంచించుకొనబోవగా, ముందే గట్టిపడిన పైభాగము దానికి అడ్డుపడును. అందుచే పైభాగము ఎల్లప్పుడు నొక్కుడులోను, లోపలిభాగము ఎల్లప్పుడు లాగుడులోను ఉండిపోవును. గాజు లాగుటవలన పగులునుగాని నొక్కుటవలన సులభముగా పగులదు. కావున ఈ అద్దము మామూలు అద్దముకంటె నాలుగైదు రెట్లు బలము గలదగుచున్నది.

అయితే ఈ బలములోనే దాని వినాశమును దాగియున్నది. ఒకచోట పగులు లోపలి పొరను తాకెనా, అద్దమంతటను బంధింపబడియున్న శక్తి ఒక్కసారిగా విడివడి, రెప్పపాటులో పలకయంతయు చిన్నచిన్న పలుకులగును. ఈ వింతను ఐరోపావారు 17వ శతాబ్దముననే ఎఱుగుదురు. కరగిన గాజుచుక్కను చన్నీటిలో వేసినచో తోకగల చుక్కయగును. దాని తలను సుత్తితో కొట్టినను పగులదు, తోకను విఱిచిన మాత్రమున అంతయు పొడియగును. రూపర్టు రాకుమారుడు వీనిని ఇంగ్లండునకు తీసికొనిరాగా, 1661లో లండనులోని రాయల్ సొసైటీవారు పరీక్షించిరి. 1874లో ఫ్రాన్సువాడైన డి లా బాస్టీ వేడిగాజును వేడినూనెలో ముంచి గట్టిపరచు పద్ధతికి పేటెంటు పొందెను.

మన దేశమున 1989వ సంవత్సరపు కేంద్ర మోటారువాహన నియమములలోని 100వ నియమము బండి అద్దములు భద్రతాగాజుతో చేయబడవలెనని మొదట విధించినది. మీ బండి అద్దము ఏ జాతిదో తెలియవలెనన్న దాని మూలను చిన్న అక్షరములలో ముద్రింపబడిన గురుతును చూడుడు. కొన్ని క్రొత్త కార్లలో ప్రక్క అద్దములను కూడ అతుకుగాజుతో చేయుచున్నారు. మఱియొక సులభమైన పరీక్ష కలదు. పోలరాయిడ్ నల్లకండ్లద్దములు ధరించి పగటివేళ నిలిచియున్న కారు వెనుక అద్దమును ఏటవాలుగా చూచినచో వరుసలుగా మచ్చలు కనబడును. గాలి ఊదిన చోట్ల గాజులో నిలిచిపోయిన ఒత్తిడియే ఆ మచ్చలు.

3. ఒక లెక్క

ఐక్యరాజ్యసమితివారి మోటారుబండ్ల నియమములలో 43వది గట్టిపరచిన గాజు ఎట్లు పగులవలెనో చెప్పుచున్నది. 5 సెంటిమీటర్ల పొడవు, 5 సెంటిమీటర్ల వెడల్పు గల చదరములో 40కి తక్కువకాని తునకలుండవలెను. ఇపుడు తలుపు అద్దము 80 సెంటిమీటర్ల పొడవు, 45 సెంటిమీటర్ల ఎత్తు గలదనుకొందము. వైశాల్యము 3,600 చదరపు సెంటిమీటర్లు. దానిలో 25 చదరపు సెంటిమీటర్ల గళ్లు 144. గడికి 40 వంతున తునకలు 5,760. ఇది కనీసపు లెక్క మాత్రమే.

షెడ్డువారు మిక్కిలి శ్రద్ధతో నూటికి 99 తునకలను తీసివేసిరనుకొందము. అయినను 57 తునకలు మిగిలియుండును. కాలిలో దిగుటకు ఒక్కటి చాలును గదా!

బరువును కూడ లెక్కింపవచ్చును. మందము 4 మిల్లీమీటర్లయినచో ఘనపరిమాణము 1,440 ఘనపు సెంటిమీటర్లు. గాజు నీటికంటె రెండున్నర రెట్లు బరువు. కావున ఆ అద్దము 3,600 గ్రాములు తూగవలెను. అద్దము మూసియున్న షెడ్డులో పగిలి, తీసిన పెంకులు 2 కిలోలు మాత్రమే తూగినచో, మిగిలిన కిలోన్నర పైచిలుకు బండిలోనే యెక్కడనో యున్నదని త్రాసు మనకు సాక్ష్యము చెప్పును. దారిలో పగిలినచో కొంత రోడ్డుమీద రాలియుండును గనుక ఈ పరీక్ష అంత నిశ్చయముగా పనికిరాదు.

4. పెంకులు దాగు చోట్లు

కొన్ని సంవత్సరముల క్రిందట మేమెఱిగిన ఒక కుటుంబమువారి కారు వెనుకతలుపు అద్దము క్రికెట్టుబంతి తగిలి పగిలెను. ఒక షెడ్డువారు అదే సాయంకాలమున క్రొత్త అద్దము బిగించి యిచ్చిరి. సీటు శుభ్రముగానే కనబడెను. కొన్ని వారముల పిదప తలుపు మూసినప్పుడెల్ల గలగలమని శబ్దము వినబడసాగెను. వర్షము కురిసిన మఱునాడు తలుపును కదలించినచో లోపల నీరు తొణికెను. విప్పించి చూడగా తలుపు అడుగున రెండు దోసిళ్ల గాజుపలుకులు పేరుకొని, నీరు పోవు రంధ్రములను మూసివేసియుండెను. రేకు త్రుప్పుపట్ట నారంభించెను.

దీనికి కారణము తలుపుయొక్క నిర్మాణమే. కారు తలుపు లోపల బోలుగా నుండు పెట్టె. అద్దము దించినపుడు ఆ పెట్టెలోనికే దిగును. అద్దము పగిలినపుడు పెంకులలో గొప్పభాగము కూడ ఆ పెట్టెలోనికే రాలును. వర్షపునీరు అద్దమువెంట లోనికి కారి అడుగునగల సన్నని రంధ్రములగుండ వెలుపలికి పోవలెను. పెంకులు వానిని మూసివేసినచో నీరు నిలుచును. అద్దమును ఎత్తుచు దించుచునుండు యంత్రమునందు పలుకు చిక్కినచో యంత్రము చెడును. అద్దము జారు రబ్బరుచానలులో చిక్కినచో, ఖరీదుపెట్టి కొన్న క్రొత్త అద్దముమీద తొలిదినముననే గీత పడును.

తలుపు గాక పెంకులు దాగు ఇతర స్థలములివి: సీటునకును వీపుదిండునకును నడుమగల సందు, సీటు జరుగు కమ్మీలు, సీటుబెల్టు చొప్పించు బిగింపు, నేలమీది తివాచి నూలుపోగులు, వస్తువులుంచు గూళ్లు, ముందు అద్దము పగిలినచో చల్లగాలి వచ్చు రంధ్రములు. చిన్నపిల్లలను కూర్చుండబెట్టు ప్రత్యేకపు సీటు అన్నిటికంటె ముఖ్యము. దాని గుడ్డమడతలలోను పట్టీల క్రిందను పలుకులు చేరును. పసిబిడ్డ తన బాధ చెప్పలేడు.

5. పెంకులను తీయు విధానము

మొదట పిల్లలను, పెంపుడుజంతువులను దూరముగా నుంచవలెను. భీమా కోరదలచినవారు దేనిని ముట్టకమునుపే ఛాయాచిత్రములు తీసికొనవలెను. తీయువారు బూట్లు, దళసరి తోలుచేతొడుగులు, పొడవుచేతుల చొక్కా, కండ్లద్దములు ధరింపవలెను. భద్రతాగాజు గాయపరచదని కొందరు నమ్ముచున్నారు. అది పొరబాటు. ప్రాణాపాయమైన పెద్ద ముక్కలు కావనియే ఆ పేరునకు అర్థము. పలుకుల అంచులు చర్మమును కోయగలవు, వానితో రాలు సన్నని ముళ్లవంటి నలుసులు మఱింత బాధకరములు.

బండిని గడ్డిమీద గాక సిమెంటునేలమీద నిలిపి, తలుపు క్రింద పాత దుప్పటి పఱచవలెను. గడ్డిలో పడిన గాజు మరల దొరకదు. లోపలి పెంకులు తీయువరకు ఆ తలుపు అద్దపుమీటను ముట్టరాదు.

శుభ్రపరచుట పైనుండి క్రిందికి సాగవలెను. మొదట పెద్ద ముక్కలను పట్టకారుతో గాని చేతొడుగుల చేతితో గాని ఏరవలెను. పిదప ముందుబల్లను, ఆ తరువాత సీట్లను, చివరకు నేలను శుభ్రపరుపవలెను. నేలను మొదట తుడిచినవాడు రెండుసార్లు తుడువవలసివచ్చును.

సీటును చేతితో గాని గుడ్డతో గాని రుద్దరాదు. రుద్దిన కొలది నలుసులు నేతలోనికి దిగును. ధూళిని పీల్చు వాక్యూమ్ క్లీనరును సన్నని గొట్టముతో వాడవలెను. ఇంటిలో వాడు గుడ్డసంచి యంత్రముకంటె షెడ్డులలో వాడు డ్రమ్ముయంత్రము మేలు. గాజు సంచిని చింపును. సీటుసందును వ్రేళ్లతో గాక కొయ్యకొలబద్దతో విప్పి పట్టుకొనవలెను. సీటును ముందునకును వెనుకకును జరిపి కమ్మీలను పీల్చవలెను. పట్టలను వెలుపలికి తీసి దుప్పటిమీద బోర్లించి తట్టవలెను. తివాచిని నిలువుగా ఒకసారి, అడ్డముగా ఒకసారి పీల్చవలెను. గాలిపంపుతో ఊదుట మంచిది కాదు. పలుకులు కంటిలోనికి ఎగురును, లేనిచోటులకు కూడ వ్యాపించును.

యంత్రమునకు చిక్కని నలుసులకు మన ఇంటి ఉపాయములే చాలును. వెడల్పయిన అంటుటేపును జిగురువైపు పైకి వచ్చునట్లు చేతొడుగునకు చుట్టి అద్ది యెత్తవలెను, లాగరాదు. గట్టిప్రదేశములపై తడిపిన కాగితమును అద్ది, వెంటనే పారవేయవలెను. తడిపిన గోధుమపిండిముద్ద కూడ నలుసులను చక్కగా అంటించుకొనును. చివరకు దీపములార్పి, టార్చిలైటును నేలకు ఆనించినట్లు అడ్డముగా పట్టి చూడవలెను. పైనుండి చూచినపుడు కనబడని నలుసు అడ్డువెలుగున నక్షత్రమువలె మెఱయును.

తలుపు లోపలి పనిని మెకానిక్కునకే విడువవలెను. కొన్ని కార్లలో తలుపులందును సీట్లప్రక్కలను ఎయిర్‌బ్యాగులుండును. తెలియనివారు విప్పుట అపాయకరము. కాని ఏమి చేయవలెనో మనము అడుగవచ్చును. లోపలి అట్టను విప్పి అడుగుభాగమును పీల్చితిరా? నీటిరంధ్రములను తెఱచితిరా? రబ్బరుచానలును శుభ్రపరచితిరా? ఈ మూడు ప్రశ్నలను అద్దము బిగింపకమునుపే అడుగుట యుక్తము. డబ్బు చెల్లించుటకు ముందు తలుపును మూడుసార్లు తెఱచి మూసి చెవియొగ్గి వినవలెను. గలగల వినబడినచో పని ముగియలేదు.

ముందు అద్దము మార్చినచో, చల్లగాలియంత్రమును తొలిసారి నడుపునపుడు తలుపులు తెఱచి, మొగము ప్రక్కకు త్రిప్పి, తక్కువవేగమున ఆరంభింపవలెను. పిల్లల సీటు గుడ్డను విప్పి దులిపి ఉతుకవలెను. అటుపిమ్మటను పలుకులు రాలుచున్నచో ఆ సీటును వాడరాదు. బండి కుదుపులకు దాగిన పలుకులు బయటపడును గనుక మూడుదినముల పిదప ఒకసారి, రెండువారముల పిదప ఒకసారి మరల పీల్చుట మంచిది.

6. గాయము తగిలినచో

చిన్న గాయమును ధారగా పడు శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టవలెను. పైకి కనబడు నలుసును శుభ్రమైన చిమటాతో తీయవచ్చును. లోతుగా దిగిన ముక్కను మనము లాగరాదు. దాని ఇరుప్రక్కల గుడ్డ యుంచి కట్టి వైద్యునికడకు పోవలెను. కంటిలో నలుసు పడినచో నలుపుట అన్నిటికంటె చెఱుపు. నలుపక, నొక్కక, వెంటనే కంటివైద్యునికి చూపవలెను. ధనుర్వాతపు సూదిమందు అవసరమేమో వైద్యుని అడుగవలెను.

7. పెంకులను పారవేయు విధము

ఇది పాఠములో మిక్కిలి ముఖ్యమైన భాగము. ఇంతవరకు చెప్పినదంతయు మన చేతులను మన బిడ్డల కాళ్లను కాపాడుకొనుటకు. కాని మన ఇంటిని దాటిన పిదప కూడ పెంకు పెంకే. ప్రొద్దుననే వీధివీధి తిరిగి చెత్త నెత్తు పారిశుద్ధ్యకార్మికురాలి చేతికి దళసరి తొడుగు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఆమె సంచిని నొక్కి బండిలో వేయును. తడిచెత్తను పొడిచెత్తను చేతితో వేఱుచేయును. పలుచని ప్లాస్టిక్కుసంచిలో మనము కట్టి పడవేసిన గాజు ఆమె అరచేతిలో దిగినచో, ఆ దినమునకు ఆమె కూలి పోవును. గాయము చీము పట్టినచో వారమంతయు పోవును. గాయపరచినవారెవరో ఆమెకు తెలియదు. గాయపడినదెవరో మనకును తెలియదు. తెలియకపోవుటచే తప్పు తగ్గదు. చెత్తకుప్పలలో పాతకాగితములేరుకొను పిల్లలును, మేతకు వచ్చు ఆవులును మేకలును ఇట్లే గాయపడును.

కావున పెంకులను అద్దము మార్చిన షెడ్డులోనే విడుచుట ఉత్తమము. వారికడ అట్టి గాజు చాల చేరును గనుక ఒక్కటిగా పంపగలరు. ఇంటిలో తీసిన పెంకులను మూతగల రంగుడబ్బాలో వేసి మూత బిగింపవలెను. డబ్బా లేనిచో నాలుగైదు మడతల వార్తాపత్రికలో చుట్టి, గట్టి అట్టపెట్టెలో నుంచి, టేపుతో అంటింపవలెను. వాడిన అంటుటేపును, తడికాగితమును, పిండిముద్దను, వాక్యూమ్ క్లీనరులోని ధూళిని కూడ అందులోనే వేయవలెను, వానిలోను గాజున్నది. పైన పెద్ద అక్షరములతో "గాజుపెంకులు - జాగ్రత్త" అని వ్రాసి ఎఱ్ఱగుర్తు పెట్టవలెను. అందుకొనువారికి చదువు రాకపోవచ్చును గనుక వ్రాసినంత మాత్రమున చాలదు. ఇతర చెత్తతో కలుపక, చేతికిచ్చుచు నోటితో చెప్పవలెను.

ఖాళీస్థలమున, కాలువలో, చెఱువులో పారవేయరాదు. పెరటిలో పాతరాదు, ఎన్నో ఏండ్ల పిదప గునపము పట్టినవాని చేతికి అది తగులును.

గాజు ఎన్నిమారులైనను మరల కరగింపదగినది. కొలిమిలో పాతగాజును నూటికి 10 పాళ్లు కలిపినచో ఇంధనము నూటికి 2 మొదలు 3 పాళ్లు మిగులును. ఉత్తరప్రదేశములోని ఫిరోజాబాదు గాజులపనివారు పాతగాజును కరగించి గాజులు చేయుదురు. అయినను కారు అద్దమును సీసాలతో కలుపరాదు. ముందు అద్దములో ప్లాస్టిక్కుపొర యున్నది, వెనుక అద్దముమీద మంచును పోగొట్టు వెండిగీతలున్నవి, రంగును వేఱు. కావున వేఱుగా నుంచి, పాతగాజు కొనువారు దొరకినచో వారికే ఈయవలెను.

విద్యార్థులారా, అద్దము పగులుట మన చేతిలో లేదు. పగిలినదానిని తుదితునక వరకు బాధ్యతతో సాగనంపుట మన చేతిలోనున్నది. మన ఇంటి గడప దాటినంతనే మన పని తీరదని తెలిసికొన్నవాడే చదువుకొన్నవాడు.

ప్రశ్నలు

1. గట్టిపరచిన గాజు బలము గలదయ్యు, పగిలినపుడు అంతయు ఒక్కసారిగా తునకలగుటకు కారణమేమి?
2. ముందు అద్దమునకును తలుపు అద్దమునకును గల భేదములను తెలుపుము.
3. తలుపు అడుగున పెంకులు మిగిలినచో కలుగు నష్టములేవి?
4. ఒక వెనుక అద్దము 120 సెంటిమీటర్ల పొడవు, 50 సెంటిమీటర్ల ఎత్తు, 4 మిల్లీమీటర్ల మందము గలది. అది పగిలినచో కనీసమెన్ని తునకలగును? ఎన్ని కిలోలు తూగును?
5. సీటును గుడ్డతో రుద్దరాదనుటకును, గాలిపంపుతో ఊదరాదనుటకును కారణములు వ్రాయుము.
6. మీ వీధిలో చెత్త నెత్తువారిని గౌరవముతో పలుకరించి, గాజువలన వారికి కలిగిన గాయములనుగూర్చి తెలిసికొని, పది వాక్యములు వ్రాయుము.